పిలుపుల ఆదివారం నాడు మైకులో అన్న మాట

ఉపదేశి పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు కలిసినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మీ రోజుల్లో మన విచారణ నుంచి అంతమంది పిల్లలు ఫాదర్లవడానికీ, సిస్టర్లవడానికీ వెళ్ళేరట కదండీ, ఎలా పంపించేరు?" అని. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకుంటే వాళ్ళు కూడా నేను చేసినట్టే చేస్తారేమోనని భయం వేసి ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ బతికే ఉన్నారు. ఒకరిద్దరు ఇది చదువుతారు కూడా.

ఉపదేశి అంటే తెలీని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఒక గుడి, దాని చుట్టూ ఉన్న పాతిక ముప్పై ఊళ్ళు కలిపి ఒక విచారణ. దానికి ఒక ఫాదర్ గారు. ఆయన అన్ని ఊళ్ళకీ ప్రతి ఆదివారం వెళ్ళలేరు కాబట్టి ఆయన తరఫున వెళ్ళి ప్రార్థన చెప్పించేవాడు, పిల్లలకి జపాలు నేర్పేవాడు, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడేవాడు ఉపదేశి. అనకాపల్లిలో ఇల్లు, కె. కోటపాడు నుంచి గొలుగొండ దాకా తిరుగుడు. ముప్పై నాలుగేళ్ళు అదే నా ఉద్యోగం. మా వాళ్ళు ఊరికి పది పదిహేను గడపలు ఉంటే గొప్ప. చుట్టూ చెరకు, వరి, ఎవరి పనుల్లో వాళ్ళు. నా మోపెడ్ చప్పుడు వినిపిస్తే "కిరస్తానం మాస్టారొచ్చేరు" అని దారి ఇచ్చేవారు.

ఈ పనుల్లో ఒకటి పిలుపుల పని. పదో తరగతి ఫలితాలొచ్చిన దగ్గర్నుంచి జూన్ దాకా ఇంటింటికీ తిరిగి, చురుకైన పిల్లల్ని చూసి, వాళ్ళని ఫాదర్ల చదువు చెప్పే సెమినరీకో, కన్యాస్త్రీల మఠానికో పంపమని తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. ఎందుకుండేదో చెప్తాను, దాచుకోవడం దేనికి. నేను మాటకారిని. బెల్లం మార్కెట్లో వేలం పాడేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూసి పెరిగినవాణ్ణి. ఏ మాట ఎప్పుడు అంటే ఎదుటివాడు తల ఊపుతాడో నాకు తెలుసు.

ఇంటికి వెళ్తే తండ్రి "సూద్దారి మాస్టారూ" అనేవాడు. తల్లి ఏమీ అనేది కాదు, నేల చూసేది. నేను తండ్రిని వదిలేసి తల్లితో మాట్లాడేవాణ్ణి. "అమ్మా, ఈ బిడ్డని నీకు దేవుడిచ్చేడు. ఇప్పుడాయనే అడుగుతున్నాడు. ఆయన అడిగితే కాదంటామా?" అనేవాణ్ణి. అంతే. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు కింద రాసుకునేవాణ్ణి.

అలా రాసుకున్న ఇళ్ళల్లో ఒకటి కె. కోటపాడు అవతల ఉంది. చెరకు లోడు ట్రాక్టరు బోల్తా పడి భర్త పోయిన మనిషి ఆవిడ. కలుపుకీ నాట్లకీ వెళ్ళి బతికేది. ఒక్కడే కొడుకు. పదో తరగతిలో మండలంలో ముందు వరసలో ఉన్నాడు. గుళ్ళో పాట పాడితే జనం తలెత్తి చూసేవారు. ఆ ఇంటికి నేను మూడుసార్లు వెళ్ళేను. మూడోసారి ఆ మాటే అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి, కొడుకు బట్టలు సంచిలో సర్దింది.

వాడిని బస్సెక్కించి, తిరిగి ఆవిడని ఊళ్ళో దింపేను. నేను వెళ్ళిపోతుంటే వెనక నుంచి అడిగింది. "మల్లీ ఎప్పుడొత్తాడు మాస్టారూ?"

ఆ రోజు బండి ఎంత తొక్కినా స్టార్టవడం లేదు. ఎండ మండిపోతోంది. వెనక్కి తిరక్కుండానే చెప్పేను. "ఇచ్చిన బిడ్డని మాటిమాటికీ రమ్మని పిలవకూడదమ్మా. వాడి మనసు చెదిరిపోతుంది. పెద్దవాళ్ళు పంపినప్పుడు వస్తాడులే."

"అలాగేనండి" అంది. బండి స్టార్టయింది. నేను వచ్చేసేను.

పన్నెండు పదమూడేళ్ళకి ఆ కుర్రాడు ఫాదరయ్యేడు. అభిషేకం మా గుళ్ళోనే. ఊరేగింపుకి ముందు సిలువ పట్టుకుని నడిచింది నేనే. వాళ్ళమ్మ కొత్త చీరలో నిలబడలేక నిలబడింది. జనం వచ్చి ఆవిడ చేతులు కళ్ళకద్దుకున్నారు. తర్వాత, అతను చేరిన ఫాదర్ల సభవాళ్ళు అతన్ని ఈశాన్యం కొండల్లోకి పంపేరు. రైళ్ళు మారి, జీపెక్కి వెళ్ళాలట, నాలుగు రోజుల ప్రయాణం. ప్రతి మీటింగులోనూ ఆవిడ గురించే చెప్పేవాణ్ణి. ఒక్కగానొక్క బిడ్డని ఇచ్చేసిన తల్లి మా విచారణలో ఉందని. చెప్పేటప్పుడు ఆవిడని నేనే తయారు చేసినట్టు నాకు గర్వంగా ఉండేది.

ఇక మా ఇంటి సంగతి. మాకూ ఒక్కతే కూతురు. బీయస్సీ కెమిస్ట్రీ చదివి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబులో చేరింది. తెల్లారకుండా బైపాస్ దగ్గర కంపెనీ బస్సు ఎక్కేది. సెలవు రోజున సిస్టర్ల దగ్గరున్న ముసలివాళ్ళ ఆశ్రమానికి వెళ్ళి అక్కడి ముసలమ్మలకి గోళ్ళు తీసేది, తలలు దువ్వేది. ఇంటికొచ్చి వాళ్ళ కబుర్లు చెప్పి నవ్వించేది. ఇదంతా నేను చూసేను. ఇంకెవరింటి పిల్ల అయినా అయితే, ఆ గోళ్ళు తీయడం చూసిన రోజే వాళ్ళమ్మతో మాట్లాడ్డానికి బయల్దేరేవాణ్ణి. మా ఇంట్లో మాత్రం సంబంధాలు చూస్తున్నాను. రైల్వేలో పని చేసే కుర్రాడు, మంచి కుటుంబం, విశాఖలోనే ఇల్లు. పిల్లనడిగితే "చూద్దాం నాన్నా" అంది. ఎన్నో ఇళ్ళల్లో విన్న "సూద్దారి" అదేనని నాకు తోచలేదు.

ఏటా ఈస్టరు తర్వాత మంచి కాపరి ఆదివారం వస్తుంది. దాన్నే మేము పిలుపుల ఆదివారం అంటాం. ఆ రోజు ప్రసంగం అయ్యాక ఫాదర్ గారు మైకు నాకిస్తారు. పది నిమిషాలు మాట్లాడి, "ఎవరికైనా మనసులో పిలుపు వినిపిస్తే భయపడకుండా లేచి నిలబడండి" అంటాను. కొంతసేపు ఎవరూ లేవరు. తర్వాత తల్లులు మోచేత్తో పొడిస్తే ఇద్దరో ముగ్గురో పిల్లలు సిగ్గుపడుతూ లేస్తారు. చప్పట్లు కొడతాం. ఇది వాడుక.

ఆ ఏడూ అంతే అనుకున్నాను. ఏప్రిల్ ఎండ, గుడి నిండా జనం, ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు వీపుకి అంటుకుపోతున్నాయి. నేను బాగా మాట్లాడేను. ఆ కె. కోటపాడు తల్లి కూడా వచ్చింది. కొడుకు అభిషేకం జరిగిన నెల కదా, అతని పేరు మీద పూజ చెప్పించుకోడానికి ఏటా వస్తుంది. ఆవిడని చూపించి మరీ మాట్లాడేను. "ఈ తల్లి కాదనలేదు" అన్నాను. తర్వాత లేచి నిలబడమన్నాను.

కిటికీ పక్కన, ఆడవాళ్ళ వైపు, ఎవరో లేచేరు. పసుపు చున్నీ. ఎండ వెలుగు వెనక నుంచి పడి మొహం తెలియలేదు. ఎవరి పిల్లో అనుకున్నాను. పెద్దపిల్ల, తల్లి పొడవకుండా తనంతట తాను లేచిందని ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. చెయ్యెత్తి ముందుకి రమ్మందామనుకున్నాను.

అప్పుడు కనబడింది మొహం. నా కూతురు. నన్నే చూస్తోంది. నవ్వుతోంది.

"నువ్వు కాదమ్మా," అన్నాను. "కూర్చో."

ఆ మాట నేను అనుకుని అనలేదు. ఇది సాకు కాదు. అనుకుని అన్నట్టయితే కనీసం మైకు పక్కకి పెట్టి అందును. గుళ్ళో ఉన్న నాలుగు బాక్సుల్లోంచీ, బయట చెట్టుకి కట్టిన హారన్‌లోంచీ నా గొంతే నాకు వినిపించింది. నువ్వు కాదమ్మా, కూర్చో. బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా విని ఉంటారు. నా నోట్లోంచి వేరే ఎవరో మాట్లాడినట్టుంది.

పిల్ల వెంటనే కూర్చోలేదు. మొహం మీద నవ్వు అలాగే కాసేపు ఉండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలీనట్టు. తర్వాత కూర్చుంది. పక్కనున్న వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టుకుంది. చప్పట్లు లేవు. హార్మోనియం అతను ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నాడు. ఫాదర్ గారు నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నారు. నా వేళ్ళు విడిచిపెట్టకపోతే రెండోసారి లాగవలసి వచ్చింది ఆయనకి.

సత్ప్రసాదానికి అందరూ వరసగా వెళ్తుంటే నేను వెళ్ళలేదు. సామాన్ల గది తలుపు వెనక నిలబడ్డాను. ముప్పై ఏళ్ళలో నేను ఆదివారం సత్ప్రసాదం తీసుకోకపోవడం అదే మొదటిసారి.

పూజయ్యాక ఎవరూ నా దగ్గర ఆగలేదు. ప్రతి వారం చేతులు పట్టుకుని కబుర్లాడేవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ తల వంచుకుని వెళ్ళిపోయేరు. ఆ కె. కోటపాడు తల్లి మాత్రం మరియమ్మ గుహ దగ్గర నీడలో నిలబడి ఉంది. నా కోసమే ఆగిందని తెలిసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును కూడా అనుకున్నాను. దగ్గరికి వెళ్ళేను.

"మాస్టారూ, మిమ్మల్నో మాట అడగాల," అంది.

"అడగమ్మా."

"అలాగ సెప్పొచ్చా?"

"ఎలాగ?"

"ఇందాక మీరు సెప్పేరు గదా. నువ్వు కాదు, కూకో అని. దేవుడడిగినప్పుడు అలాగ సెప్పొచ్చా? నాకు తెల్దు మాస్టారూ. మీరేనాడూ సెప్పలేదు. తెలిత్తే నాను కూడా ఓపాలి సెప్పి సూద్దును."

ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టే అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆటో అతను హారన్ కొడితే, జవాబు కోసం ఇంకాస్త చూసి, "వత్తాను" అని వెళ్ళి ఎక్కింది. నేను అక్కడే నిలబడిపోయేను.

ఇంటికెళ్తే మా ఆవిడ బియ్యం కడుగుతోంది. "నీకు ముందే తెలుసా?" అనడిగేను.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు సెప్తే ఎగిరి గంతేత్తారని, అదే సెప్పుకుంటానంది. మీరు సంతోషపడ్డం సూడాలని దాని సరదా," అని గిన్నె పక్కన పెట్టింది. "మీరు ఊరందరికీ సెప్పింది నేను నమ్మేను. మీరు నమ్మలేదని ఇయాల తెలిసింది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అంత మాట అనలేదు.

కూతురు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. అదే మాట్లాడింది.

"పిలుపు వచ్చినవాళ్ళు గుళ్ళో లేచి నిలబడాలని నువ్వే కదా నాన్నా ఏటా చెప్తావు. ఇంట్లో చెవిలో చెప్తే అది పిలుపెలాగవుతుందని నువ్వే అన్నావు. నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను." దులిపిన చొక్కా నాదే. తీగ మీద వేసి క్లిప్పు పెట్టింది. "నీ మొహం చూస్తూ లేచేను. చూడకుండా లేవాల్సింది."

"రైల్వే సంబంధం వాళ్ళకి ఏం చెప్పను?" అన్నాను. ఆ సమయంలో నాకు దొరికిన మాట అది. పిల్ల తలకాయ అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి పిలుపుల పని మానేస్తానని చెప్పేను. ఆయన నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న. గుంటూరు వైపు మనిషి. నేను చెప్పింది విని, "మా నాన్న కూడా నన్ను ఇదే మాటన్నాడండీ ఉపదేశి గారూ. మైకులో అనలేదు, అంతే తేడా," అన్నారు.

"తర్వాతేమయిందండీ?"

"రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు." ఆయన కాసేపు బల్ల మీదున్న కాగితాలు సర్దేరు. "మీ అమ్మాయి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ గుహ దగ్గర ఆ తల్లి ఏదో అడిగింది మిమ్మల్ని. నేను దూరం నుంచి చూశాను. మీ మొహంలో రక్తం లేదప్పుడు. ముందు అక్కడికి వెళ్ళండి."

గురువారం వెళ్ళేను. ఆవిడ అప్పుడే పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మంచం వాల్చి కూర్చోబెట్టింది. గోడ మీద కొడుకు అభిషేకం ఫోటో. దాని పక్కన ప్లాస్టిక్ సంచి, అందులోంచి ఎక్స్‌రే కవరు బయటికి కనిపిస్తోంది. ఊరికే అడిగేను, ఏమిటమ్మా అది అని.

"పోయినేడు కడుపు కోసేరండి. గెడ్డుందన్నారు. విశాకపట్నం పెద్దాసుపత్రిలో. పద్దెనిమిది రోజులున్నాను."

"ఎవరున్నారు నీతో?"

"పక్కింటామె నాలుగు రోజులుంది. మరి ఆవిడికీ పిల్లలు గదా."

"మీ అబ్బాయి రాలేదా?"

"ఆడికి తెల్దండి. సెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. తెలిసిన విషయం మళ్ళీ ఎందుకు అడుగుతున్నానా అన్నట్టు. "ఇచ్చిన బిడ్డని పిలవకూడదని మీరే గదా సెప్పేరు మాస్టారూ. పిలిత్తే మనసు సెదిరిపోద్దని. ఆడే ఓపాలి ఫోన్లో, రమ్మంటావేటమ్మా అనడిగేడు. వద్దు నాయినా, నీ పని నువ్వు సూసుకో అన్నాను. పదిహేను పదహారేళ్ళ నుంచీ అదే సెప్తన్నాను."

ఆ వీధిలో, ఆ ఎండలో, స్టార్టవని బండి మీద, వెనక్కి తిరక్కుండా నేను పారేసిన మాట అది. ఆ క్షణం దాకా నాకది గుర్తు కూడా లేదు. ఆవిడ దాన్ని ఏరుకుని, దేవుడి ఆజ్ఞల పక్కన దాచుకుంది. కడుపు కోయించుకున్నప్పుడు కూడా దాన్ని దాటలేదు. నేను మీటింగుల్లో ఆవిడ త్యాగం గురించి చెప్పి మెప్పు పొందిన రోజుల్లోనే ఆవిడ ఎవరూ లేక ఆసుపత్రి మంచం మీద ఉంది.

"అమ్మా," అన్నాను. "ఆ మాట దేవుడిది కాదు. గుడిది కూడా కాదు. నాది. బండి స్టార్టవక చిరాకులో అన్నాను. దానికి ఏ విలువా లేదు."

"పెద్దోరు. ఊరికే అంటారేటండి మీరు?"

"ఊరికే అన్నానమ్మా."

ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టు. ఏడవలేదు. "అయితే పిలవొచ్చా?" అంది.

నా ఫోన్లోంచే అతనికి ఫోన్ కలిపేను. మూడుసార్లకి దొరికేడు. ఆవిడ చేతికిచ్చేను. "తిన్నావా? సలిగుందా? నానా? బాగానే ఉన్నాను," అంటూ ఎప్పటి మాటలే మాట్లాడుతోంది. తర్వాత ఫోన్ చేత్తో మూసి, "ఏటి సెప్పాలి?" అనడిగింది నన్ను. నీకేం చెప్పాలనుంటే అది చెప్పమన్నాను. ఆవిడ ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఓపాలి రారా," అంది. "పనేటీ లేదు. సూడాలనుంది."

లైను తెగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత వినిపించింది, నాకు కూడా. "నువ్వెప్పుడు పిలుత్తావా అని సూత్తన్నానే అమ్మా." ఇన్నేళ్ళు ఎక్కడెక్కడో చదివి, ఏవేవో భాషలు మాట్లాడుతున్న మనిషి, ఆ ఒక్క మాట మాత్రం కె. కోటపాడు వీధిలో పిల్లాడిలా అన్నాడు. నేను లేచి వాకిట్లోకి వచ్చేసేను.

వానలు మొదలయ్యాక అతను వచ్చేడు. మూడు వారాలున్నాడు. తల్లిని విశాఖ తీసుకెళ్ళి మళ్ళీ అన్ని పరీక్షలూ చేయించేడు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చేడు. క్షమించమని అడిగేను. అతను మొహమాటానికి పోయి 'అయ్యో ఎంత మాట' అంటాడనుకున్నాను. అనలేదు.

"నన్ను పంపినందుకు నాకు విచారం లేదు మాస్టారూ. నేను మంచి చోటే ఉన్నాను," అన్నాడు. "మా అమ్మ నోరు కట్టేసినందుకు మాత్రం ఉంది. అది మీతో చెప్పకుండా వెళ్తే నాకు బాగోదు."

చెప్పి, మా ఆవిడ పెట్టిన ఉప్మా తిని, వెళ్ళేడు. తర్వాత రెండేళ్ళకి సభవాళ్ళని అడిగి ఒడిశా వైపు మార్పించుకున్నాడు. ఇప్పుడు రాత్రికి రైలెక్కితే తెల్లారికి తల్లి దగ్గరుంటాడు.

కూతురి విషయంలో నేను ఏడాది ఆగమన్నాను. నిజం చెప్పాలంటే, ఏడాదిలో మనసు మారుతుందని ఆశ. పిల్ల ఆగింది. ఎప్పటిలాగే కంపెనీ బస్సెక్కింది, దిగింది. రైల్వే సంబంధం వాళ్ళకి నేనే వెళ్ళి చెప్పి వచ్చేను. సరిగ్గా ఏడాదికి ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, "నాన్నా, ఏడాదయింది," అంది. ఆ గొంతులో బతిమాలడం లేదు, ఎదిరించడం లేదు.

నాకు ఇష్టం లేదనే చెప్పేను. ఆ మాట దాచలేదు. ఇష్టం లేకపోయినా ఆపనని కూడా చెప్పేను. "రావాలనిపించిన రోజున వచ్చెయ్యి. ఎవరేమనుకుంటారోనని ఆగొద్దు. నేనేమనుకుంటానో అని అసలే ఆగొద్దు," అన్నాను. అది నా భుజం మీద తల ఆనించి కాసేపు కూర్చుంది. జూన్‌లో వెళ్ళింది. స్టేషన్లో మా ఆవిడ గట్టిగానే ఉంది. నేను ఉండలేకపోయేను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను, కుర్రాళ్ళూ. ఎలా పంపించేరని అడిగేరు. అలా పంపించేను. వాళ్ళల్లో మంచి ఫాదర్లు అయినవాళ్ళున్నారు, చక్కగా ఉన్న సిస్టర్లున్నారు. మధ్యలో తిరిగొచ్చేసి, నేను ఎదురైతే సందు మారిపోయిన పిల్లలూ ఉన్నారు. ఆ తర్వాత రిటైరయ్యే లోపల నేను పంపించిన ఇళ్ళకి ఒక్కొక్కదానికీ మళ్ళీ వెళ్ళేను. చాలామంది టీ ఇచ్చేరు. ఒక తండ్రి గుమ్మం దాటనివ్వలేదు. ఆయన తప్పేమీ లేదు. తిరిగొచ్చిన అమ్మాయి ఒకతె, ఇప్పుడు చోడవరంలో బట్టల షాపులో పని చేస్తోంది, "మీరు మా ఇంటికి మళ్ళీ వత్తారనుకోలేదు మాస్టారూ. నేను సెడిపోయాననుకుంటారనుకున్నాను," అంది. ఆ మాట విన్నాక ఆ రోజు నేను ఇంకో ఇంటికి వెళ్ళలేకపోయేను.

పని మానేస్తానంటే ఫాదర్ గారు ఒప్పుకోలేదు. "ఇప్పుడే మీరు చెయ్యాలి," అన్నారు. చేసేను. కానీ ఏ ఇంటికెళ్ళినా ముందుగా తల్లిదండ్రులకి కాదనొచ్చని చెప్పేవాణ్ణి. పిల్లకి చెప్పేవాణ్ణి, పిల్లాడికి చెప్పేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు మాట్లాడకపోతే అది ఒప్పుకోలని రాసుకునేవాణ్ణి కాదు, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాతి ఏళ్ళలో మా విచారణ నుంచి వెళ్ళింది ఇద్దరే. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు, "ఏమండీ, మీకు ఇందులో మంచి పేరుండేదని విన్నానే," అన్నారు. ఉండేదండీ అన్నాను. ఆ ఇద్దరి తల్లులూ కొడుకులతో వారం వారం మాట్లాడుతున్నారు. ఎప్పుడైనా పోట్లాడుకుంటున్నారు కూడా.

మా అమ్మాయి నిరుడు మొదటి మాటపట్టు ఇచ్చింది, కన్యాస్త్రీగా ఉంటానని. వాళ్ళ సభ ఆసుపత్రిలో ల్యాబు చూస్తోంది, చదివిన కెమిస్ట్రీ ఎక్కడికీ పోలేదు. మొన్న ఎండాకాలం నాలుగు రోజులు సెలవు మీద ఇంటికొచ్చింది. అన్నం తిని, మధ్యాహ్నం చాప మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది. అంత నిద్రపోయిందంటే అక్కడ ఎంత పనో అని నేను పక్కనే కుర్చీలో కూర్చుని లెక్కలేసుకుంటున్నాను. లేచి, జుట్టు ముడేసుకుంటూ నన్ను చూసి నవ్వింది.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావు?"

"బాగున్నావా అమ్మా అక్కడ?"

"బాగానే ఉన్నాను." చాప చుట్టి, "కొన్ని రోజులు బాగోదు," అంది.

"బాగోని రోజున ఏం చేస్తావు?"

"అమ్మకి ఫోన్ చేస్తాను."

"నాకు చెయ్యవేం?"

"నువ్వు ఉన్నపళంగా బయల్దేరి వచ్చేస్తావు నాన్నా," అంది. "నాకు ఊరికే చెప్పుకోవాలనుంటుంది, అంతే. తీసుకెళ్ళిపొమ్మని కాదు."

కాదని చెప్దామని నోరు తెరిచేను. కానీ దాని దగ్గరికి వెళ్ళే రైలు ఎన్ని గంటలకో నాకు తెలుసు. పిల్ల వెళ్ళిన మొదటి నెల నుంచీ తెలుసు.